నొక్కినట్టు లెక్కలో లేదు

ఆఫీసులో ఆమెను అందరూ పీనాసి మేడం అనేవారు. చాటుగా కాదు, ముఖం మీదే అనేవారు. ఆమె కూడా నవ్వేది, ఎందుకంటే ఆ పీనాసితనానికే ఆమెకు ఉద్యోగం. చిప్పుల్లో కరెంటు ఆదా చేయడం ఆమె పని. ప్రతి చిప్పు లోపలా ఒక గడియారం ఉంటుంది. అది గుండెలా కొట్టుకుంటూ ఉంటేనే మిగతా భాగాలు కదులుతాయి. చిక్కల్లా ఏమిటంటే, పని ఉన్నా లేకపోయినా ఆ దెబ్బ పడినప్పుడల్లా చిటికెడు కరెంటు ఖర్చవుతుంది. ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరుగుతున్నట్టన్నమాట. ఏ భాగానికి ఎప్పుడు పని లేదో కనిపెట్టి దానికి వెళ్ళే దెబ్బను ఆపేయడం, పని తగిలేసరికి మళ్ళీ మొదలుపెట్టడం, ఇరవై రెండేళ్ళుగా ఆమె చేస్తున్నది ఇదే. ఎంగిలి చేత్తో కాకిని తోలనివాళ్ళను లోకమంతా తిడుతుంది గానీ, ఈ ఒక్క వృత్తిలో పిలిచి ప్రమోషన్ ఇస్తారు.

ఇంట్లో ఆమెకు అక్క ఒక్కతే. నాలుగో అంతస్తులో రెండు గదులు, ఒక వంటిల్లు, ఇద్దరు ఆడవాళ్ళు. అక్క కోర్టులో ముప్పై ఏళ్ళు టైపిస్టుగా చేసి రిటైరయింది. జడ్జీగారి నోట్లోంచి మాట ఊడిపడే లోపు అది కాగితం మీద ఉండేదని ఆవిడకు పేరు. ఆవిడ కొట్టిన కాగితాన్ని రెండో మనిషి సరిచూసేవాడు కాదు, ఆ సంగతి ఆవిడకు తెలుసు, నలుగురికీ చెప్పేది కూడా. రిటైరైన రెండేళ్ళకి కండరాలు సన్నగిల్లే జబ్బు పట్టుకుంది. ముందు కాళ్ళు, తర్వాత చేతులు. నోరు మాత్రం చెక్కుచెదరలేదు. ఆఫీసుకు బయల్దేరుతూ చెల్లెలు గదిలో లైటు ఆపితే, "పనిలో పని నన్ను కూడా ఆపేసి పోవే, సాయంత్రం వచ్చి వేసుకుందువు గానీ" అనేది.

ఆ ఏడాది కంపెనీ చేతిలో ఉన్నది మెళ్ళో వేసుకునే బటన్. ముసలివాళ్ళు, జబ్బుమనుషులు కింద పడితే దాన్ని నొక్కుతారు, ఇంట్లోవాళ్ళ ఫోను మోగుతుంది. పాత రకం బటన్‌లో బిళ్ళ బ్యాటరీ ఏడాదికే అయిపోయేది. అయిపోయిన సంగతి ఎవరూ చూసుకోరు కదా, చచ్చిన బటన్‌ను మెళ్ళో వేసుకుని ధైర్యంగా తిరిగేవారు. కొత్త దాంట్లో బ్యాటరీ అయిదేళ్ళు రావాలన్నారు. ఆ పని పీనాసి మేడం నెత్తిన పడింది, ఆమె కూడా దాన్ని తన సొంతపనిలా మీద వేసుకుంది. ఇంట్లో అక్కను చూస్తూ వేసుకోకుండా ఎలా ఉంటుంది?

పాత చిప్పులో బటన్ ఎక్కడ తగిలినా లోపల అన్నీ నిద్రలేచేవి. మెళ్ళో వేలాడే వస్తువు రోజంతా తగులుతూనే ఉంటుంది. బల్లకి తగులుతుంది, తలుపుకి తగులుతుంది, పక్క మీద దొర్లితే తగులుతుంది. తగిలినప్పుడల్లా లేచి కూర్చుంటే బ్యాటరీ ఎన్నాళ్ళు వస్తుంది? అందుకని ఆమె ఆ ఉలికిపాటును తీసేసింది. చిప్పు మొత్తానికి గడియారం ఆపి, ఒక్క చిన్న భాగాన్ని మాత్రం సెకనుకి నాలుగుసార్లు కళ్ళు తెరిచి బటన్ వైపు చూసేట్టు పెట్టింది. వరుసగా రెండు చూపుల్లోనూ నొక్కి ఉంటేనే నొక్కినట్టు లెక్క. లేకపోతే ఏదో తగిలిందని మళ్ళీ పడుకుంటుంది. అంటే అర సెకను పాటు నొక్కి ఉంచితే చాలు. జనం అంతసేపు నొక్కుతారా అని ఊహించి ఊరుకునే మనిషి కాదు ఆమె. ఆఫీసులో నలభై ఒక్కమంది చేత నొక్కించి కొలిచింది. అందరికన్నా తొందరగా వదిలినవాళ్ళు కూడా సెకనులో పదింట ఆరు వంతులు నొక్కి ఉంచారు. బ్యాటరీ అయిదేళ్ళ రెండు నెలలకి తేలింది. ఆ రోజు ఆఫీసులో కేకు కోశారు.

మొదటి విడతలో వచ్చిన నమూనా ఒకటి తెచ్చి అక్క మెళ్ళో తనే వేసింది. "ఇంతకాలానికి నా మెళ్ళో ఏదో ఒకటి వేసేవాళ్ళు దొరికారు" అంది పెళ్ళి చేసుకోని అక్క. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

అక్క మొదటిసారి పడింది ఒక మంగళవారం. సాయంత్రం ఆరున్నరకు చెల్లెలు తాళం తీసేసరికి ఇల్లు చీకటిగా ఉంది. అక్క స్నానాలగది గడప మీద, సగం లోపల, సగం బయట, తడి బట్టలతో పడి ఉంది. ఉదయం పదకొండు నుంచి అలాగే ఉందట.

"నొక్కానే" అంది అక్క మొట్టమొదట. "మూడుసార్లు నొక్కాను. నువ్వేదో మీటింగులో ఉన్నావనుకున్నాను."

చెల్లెలు ముందు బట్టలు మార్చింది, తల తుడిచింది, వేడిగా పాలు పట్టింది. ఆ మాట ఆమె తరఫున చెప్పాలి. ఆ తర్వాతే ఫోను తీసి చూసింది. బటన్ ఎప్పుడెప్పుడు నొక్కారో అందులో నమోదవుతుంది. ఆ రోజు నొక్కినవి సున్నా. అక్క మెళ్ళో ఉన్న బటన్‌ను బొటనవేలితో తనే నొక్కింది. చేతిలోని ఫోను ఠంచనుగా మోగింది.

"చూశావా, పనిచేస్తోంది."

"పనిచేయట్లేదని నేనన్నానా? నొక్కానన్నాను."

"సరిగ్గా నొక్కలేదేమో అక్కా. కంగారులో నొక్కాననుకుని ఉంటావు."

"నొక్కడం నువ్వు నాకు నేర్పుతావటే? ముప్పై ఏళ్ళు అదే పని చేసినదాన్ని. అది ఎప్పుడూ నిద్రపోతూ ఉంటుందని నువ్వేగా చెప్పావు. నేను నొక్కినప్పుడు కూడా నిద్రలోనే ఉందేమో కనుక్కో."

"నిద్రలోనే సెకనుకి నాలుగుసార్లు కళ్ళు తెరుస్తుందక్కా. దాని కళ్ళుగప్పి ఏదీ పోదు."

"మా కోర్టులో ఒక జడ్జీగారు కూడా అలాగే అనేవాడు. గురక మాత్రం నాకు వినపడేది."

ఇద్దరూ నవ్వేశారు. ఆ నవ్వుతో విషయం అక్కడితో ముగిసింది. ముగియకుండా ఉంటే బాగుండేది.

మళ్ళీ పద్దెనిమిది రోజులకు అక్క వంటింట్లో పడింది. ఈసారి కుర్చీ జారింది. కుడి మణికట్టు విరిగింది. చెల్లెలు వచ్చేసరికి నాలుగు గంటలు గడిచిపోయాయి. నొప్పితో అక్క పెదవులు నల్లబడ్డాయి, అయినా మాట మాత్రం స్పష్టంగా వచ్చింది.

"ఈసారి లెక్కపెట్టుకుంటూ నొక్కాను. ఎడమ చేత్తో. పదకొండుసార్లు."

ఫోనులో సున్నా.

ఆ రాత్రే ఆసుపత్రిలో కట్టు కట్టించి, మర్నాడు చెల్లెలు ఆ బటన్‌ను ఆఫీసుకు పట్టుకెళ్ళింది. అక్కడ పరీక్షలకని ఉక్కువేలు ఒకటి ఉంది. మనిషిలా బటన్‌ను నొక్కి, ఒక సెకను ఉంచి, వదిలేస్తుంది. దాని కింద పెట్టి పదివేలసార్లు నొక్కించింది. పదివేలకు పదివేలూ పలికింది. ఇంతకన్నా ఏ మనిషైనా ఏం చేస్తుంది? వస్తువులో తప్పు లేదు. వస్తువులో లేకపోతే ఇంకెక్కడుంది? ఆ ప్రశ్నకు మిగిలిన జవాబు ఒక్కటే, దాన్ని పట్టుకునే ఆమె, కట్టు చూపించడానికి అక్కతో మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళింది.

కట్టు చూశాక ఆ రోజున్న డాక్టరు అడిగింది, "అంతసేపు నేల మీద ఎందుకున్నారు? మెళ్ళో బటన్ ఉందిగా?"

"నొక్కాను, మోగలేదు" అంది అక్క.

చెల్లెలు ఫోను తెరిచి డాక్టరు ముందు పెట్టింది. డాక్టరు రెండు తేదీలూ చూసింది, రెండు సున్నాలూ చూసింది. గొంతు కాస్త మెత్తబడింది.

"అమ్మా, ఇవాళ తేదీ ఎంతో చెప్తారా?"

అక్క ముఖం ఎర్రబడింది. "ముప్పై ఏళ్ళు రోజూ పొద్దున్నే మొదటి కాగితం మీద తేదీ కొట్టినదాన్ని. నన్ను తేదీ అడుగుతారా? నేను చెప్పను."

చెప్పి ఉంటే ఏమయ్యేదో! చెప్పలేదు. చెప్పలేదని డాక్టరు రాసుకుంది. అక్కను బయట కూర్చోబెట్టించి చెల్లెలితో అంది, "ఆవిడ అబద్ధం ఆడటం లేదు. నొక్కానని నిజంగానే నమ్ముతున్నారు. మెదడు ఒక్కోసారి జరగని వాటిని జరిగినట్టు పూరించుకుంటుంది. జబ్బు అక్కడికి కూడా పాకుతోందేమో చూడాలి. ఇంట్లో ఒంటరిగా వదలకండి."

ఆసుపత్రి వరండాలో చక్రాల కుర్చీని తోస్తుంటే అక్క వెనక్కి తిరక్కుండానే అడిగింది, "డాక్టరు సంగతి వదిలెయ్. ఆవిడ నన్ను ఇవాళే చూసింది. నువ్వు చెప్పు. నేను నొక్కానా, లేదా?"

చెల్లెలికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అంది, "అది అబద్ధం చెప్పదక్కా."

"అయితే నేను చెబుతానన్నమాట" అంది అక్క. గట్టిగా కూడా అనలేదు.

చెల్లెలు ఉద్యోగం మానలేదు, మానితే ఇద్దరికీ గడవదు. పగలంతా మనిషి తోడుండే చోటు వెతికితే, బస్సులో గంట దూరంలో ఒక వసతిగృహం దొరికింది. మంచిదే. పన్నెండు మంచాలు, ఎత్తైన కిటికీలు, పిలిస్తే పలికే ఆయాలు. అక్క ఎదురు చెప్పలేదు. బట్టలు సర్దుతుంటే మాత్రం, "లైట్లన్నీ ఆపావా?" అని అడిగింది. అది ఎగతాళో కాదో చెల్లెలికి అర్థం కాలేదు.

ప్రతి ఆదివారం వెళ్ళేది. మొదటి రెండు ఆదివారాలు అక్క గోడవైపు తిరిగి పడుకుంది. ఆ కోపమే నయం అని తర్వాత అనిపించింది. మూడో ఆదివారం మందు బిళ్ళ మింగి, నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, "నేను మందు వేసుకున్నానా అమ్మా?" అని ఆయాను అడిగింది. అయిదో ఆదివారం కోర్టు కబురొకటి మొదలుపెట్టింది. దొంగ తన దొంగతనం గురించి తనే సాక్ష్యం చెప్పి, చివర్లో నాలుక్కరుచుకున్న కథ. చెల్లెలు అది నూరుసార్లు విన్నదే. అక్క సగంలో ఆగిపోయింది.

"ఇది నిజంగా జరిగిందేనా, నేనే అల్లుతున్నానా?"

"జరిగిందేలే అక్కా" అని చెల్లెలు చెయ్యి నిమిరింది. నిమురుతూ, డాక్టరు చెప్పినట్టే అవుతోంది అనుకుంది. తను సరైన పనే చేశానని లోపల్లోపల ఊరట కూడా కలిగింది. చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన ఊరట అది, కానీ కలిగింది.

నాలుగు నెలలు గడిచాయి. బటన్లు బజారులోకి వెళ్ళాయి. మేనేజరు ఆమె కుర్చీ దగ్గరికొచ్చి, "అయిదేళ్ళ రెండు నెలలు బాగానే ఉంది పీనాసి మేడం, దీన్ని ఆరుకి లాగండి" అని పోయాడు. ఆమె మళ్ళీ ల్యాబులో కూర్చుంది. బటన్‌కు తీగలు తగిలించి తెర మీద రెండు గీతలు పెట్టుకుంది. పై గీత బటన్‌ది, కింది గీత చిప్పు లోపలిది. బటన్ తగిలితే పై గీత లేస్తుంది. చిప్పు దాన్ని నొక్కినట్టు ఒప్పుకుంటేనే కింది గీత లేస్తుంది.

పెన్ను కోసం చెయ్యి చాపితే వేలు బటన్‌కు తగిలింది. పై గీత లేచి పడింది. కింది గీత కదల్లేదు. ఇలాంటివి ఆమె వెయ్యిసార్లు చూసింది, చూసినప్పుడల్లా సంతోషించింది. తగిలినదాన్ని తగిలిందిగానే వదిలేస్తోందంటే తన పని బాగున్నట్టే కదా. అలవాటుగా పై గీత వెడల్పు కొలిచింది. సెకనులో పదింట ఒక వంతు. తగిలింది తన వేలే, తలుపో బల్లో కాదు.

చిన్నప్పుడు అక్క తనకు టైపు నేర్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పాత మిషను మీద వేలు ఆగకూడదు, ఆగితే కడ్డీలు ఒకదానికొకటి చిక్కుకుంటాయి. "తాకు, వదిలెయ్. తాకు, వదిలెయ్" అని వేళ్ళ మీద స్కేలుతో కొట్టి మరీ నేర్పేది. తను నేర్చుకోలేదు. అక్క ముప్పై ఏళ్ళు అలాగే కొట్టింది. పైగా ఇప్పుడు ఆ వేళ్ళలో నొక్కి ఉంచే బలం ఎక్కడుంది?

ఆమె వేలును అక్క పెట్టినట్టు పెట్టి, బటన్‌ను తాకి వదిలేసింది. పై గీత లేచింది. కింది గీత లేవలేదు. మళ్ళీ తాకింది. పదకొండుసార్లు తాకింది. పదకొండుసార్లూ పై గీత లేచింది, పదకొండుసార్లూ కింది గీత చదునుగానే ఉంది. ఫోను తీసి చూస్తే ఆ గంటలో నొక్కినవి సున్నా. నమోదు చేసేది కూడా ఆ చిప్పే. నిద్రపోయినవాణ్ణి తీసుకొచ్చి బోనెక్కించి, వాడు చూడలేదన్నాడు కాబట్టి జరగలేదని తను తీర్పు చెప్పింది.

పాత ఫైలు తెరిచి ఆ నలభై ఒక్కమంది కొలతలు చూసింది. అందులో రెండు వరుసల పక్కన తన చేత్తోనే రాసిన మాట ఉంది: "సరిగా నొక్కలేదు, మళ్ళీ." ఒకరు గేటు దగ్గర కూర్చునే కాపలా పెద్దాయన, చేతులు వణుకుతాయి. రెండోది క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే ఆవిడ, ఆ రోజు కాలిన వేలికి కట్టు ఉంది. ఇద్దరికీ మొదటిసారి అర సెకను కన్నా తక్కువే వచ్చింది. ఆమె ఇద్దరినీ వెనక్కి పిలిచి, గట్టిగా నొక్కండి అని చెప్పి, రెండో కొలత రాసుకుంది. ఆ బటన్ ఎలాంటి చేతుల కోసమో సరిగ్గా అలాంటి చేతుల కొలతలు అవి రెండే, వాటినే కొట్టేసింది. తెలిసి చేశావా అంటే కాదంటుంది. ఆ కొలతలు ఉంచితే అయిదేళ్ళు రావని ఆ రోజు తట్టలేదా అంటే మాత్రం తల దించుకుంటుంది.

మేనేజరు చెడ్డవాడేమీ కాదు. విన్నాడు, నుదురు రుద్దుకున్నాడు. "మళ్ళీ పాత పద్ధతిలో తగలగానే నిద్రలేచేట్టు పెడితే ఎంత పోతుంది?"

"ఏడు నెలలు పోతాయి."

"డబ్బా మీద అయిదేళ్ళని అచ్చేశాం మేడం. కాగితంలో ఒక ముక్క చేరుద్దాం. గట్టిగా ఒక సెకను నొక్కి పట్టుకోండి అని."

"కింద పడ్డవాళ్ళు కాగితం తెచ్చుకుని చదువుకుని నొక్కుతారా అండీ?"

ఆమె తన కుర్చీలోకి వెళ్ళి జరిగిందంతా రాసి, తప్పు నాదని కింద పేరు పెట్టి, పైవాళ్ళందరికీ పంపింది. మర్నాటికి అమ్మకాలు ఆపారు. అమ్ముడైపోయినవి వెనక్కి రప్పిస్తామన్నారు. ఈలోపు ఎంతమంది మెళ్ళలో అవి వేలాడుతున్నాయో, ఎన్ని ఇళ్ళలో ఎవరి ముందు ఎవరు ఆ సున్నా చూపించి నువ్వు నొక్కలేదంటున్నారో, ఆ లెక్క ఎవరి దగ్గరా లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. అయినా అక్కకు చెప్పడానికి ఇంకా వేళ మించలేదని ఆమెకు ఆశ. చెబితే అక్క తిడుతుంది, నాలుగు రోజులు మాట్లాడదు, ఆ తర్వాత తన మాట మీద తనకు నమ్మకం తిరిగొస్తుంది. ఇంటికి తెచ్చుకోవచ్చు.

ఆదివారం దాకా ఆగలేక సెలవు పెట్టి మధ్యాహ్నమే వెళ్ళింది. ల్యాప్‌టాప్, తీగలు, బటన్ అన్నీ సంచిలో మోసుకెళ్ళింది. అక్క కిటికీ పక్క కుర్చీలో ఉంది. ఇవాళ ఆదివారమా అని అడగలేదు, "ఏమే, పని రోజున వచ్చావ్?" అంది. మనిషికి తేదీ తెలుసు. ఎప్పుడూ తెలుసు.

"అక్కా, నువ్వు నొక్కావు. మొదటిసారి మూడుసార్లూ నొక్కావు, రెండోసారి పదకొండుసార్లూ నొక్కావు. తప్పు నాది. నేను పెట్టిన గడియారం తప్పు."

"పోనీలేవే, అయిపోయిందేదో అయిపోయింది."

"పోనీలే కాదు. చూడు." చెల్లెలు అక్క చూపుడువేలిని పట్టుకుని బటన్ దగ్గరికి తెచ్చింది. "నీకెలా అలవాటో అలా తాకు." అక్క తాకి వదిలింది. తెర మీద పై గీత లేచింది, కింది గీత అలాగే ఉంది. "చూశావా? నువ్వు తాకావు. దానికి తెలియలేదు. అప్పుడూ ఇలాగే జరిగింది."

అక్క తెర వంక మర్యాదగా చూసింది, చుట్టాల పిల్లలు బొమ్మ గీసి చూపిస్తే చూసినట్టు. "నన్ను సముదాయించడానికి ఇంత బరువు మోసుకొచ్చావా?"

"సముదాయించడం కాదక్కా, నిజం."

"నేను నొక్కలేదే. నాకు బాగా గుర్తుంది. కింద పడ్డాక చెయ్యి మెడ దగ్గరికి తెద్దామనుకున్నాను, తేలేకపోయాను. నొక్కానని ఎందుకన్నానో తెలీదు. ఇక్కడికొచ్చాక రోజూ పడుకుని అదే గుర్తు తెచ్చుకున్నాను. ఒక్కసారి కూడా నొక్కలేదు."

"అది నీకు గుర్తున్నది కాదు, మేం చెప్పింది!" చెల్లెలు గట్టిగా ఏడ్చేసింది. ఆ ఏడుపు విని ఆయా లోపలికొచ్చింది. ఏమీ తెలియని ఆ మనిషి చేతులు పట్టుకుని చెల్లెలు బతిమాలింది, "మీరైనా చెప్పండి. మా అక్క నొక్కింది. నిజంగా నొక్కింది."

"అవునమ్మా, నొక్కారు, నొక్కారు" అంది ఆయా, అక్కడ అందరితో మాట్లాడే గొంతుతో.

ఆయా వెళ్ళాక అక్క చెల్లెలి తల మీద చెయ్యి వేసింది. వేళ్ళలో బరువే లేదు.

"వీళ్ళు మంచివాళ్ళే. నేనేమన్నా అవునంటారు, ఇక్కడ అందరికీ అన్నిటికీ అవునంటారు. నువ్వొక్కదానివే నాకు లేదని చెప్పావు. అందుకేనే, నీ మాట నమ్మాను" అంది అక్క, చెల్లెలి కళ్ళు తుడుస్తూ.